ఉపాధ్యాయుల పునీతుడు: జాన్ బాప్టిస్ట్ ద లాసాల్

మన పాఠశాలలో ఉదయము గంట మ్రోగగానే నలువదిమంది బాలురు ఒక గదిలో వరుసగా గూర్చుండి, ఒకే పుస్తకమును ఒకే పుటలో విప్పి, ఒకడు చదువుచుండగా తక్కినవారు కన్నులతో ననుసరించుచుందురు. ఇది సృష్ట్యాది నుండి యిట్లే యున్నదని మన విద్యార్థులు తలంతురు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో జేరువరకు మేమును అట్లే తలంచితిమి. అచ్చట విద్యాచరిత్రమును బోధించిన వారు ఫ్రాన్సు దేశపు గురువొకని పేరు చెప్పి, తరగతి బోధనను బీదల బడులలో స్థిరపరచినది ఆయనయే యని తెలిపిరి. పరీక్ష కొరకు ఆ పేరు వ్రాసికొంటిమే గాని ఆయన జీవితమును దెలిసికొనలేదు. ఇరువది యేండ్లు బడిపంతులుగా నుండిన మీదట ఆ చరిత్ర చదివితిమి.

జాన్ బాప్టిస్ట్ ద లాసాల్ 1651 ఏప్రిల్ 30వ తేదీన రైమ్స్ నగరములో జన్మించెను. ఫ్రెంచి రాజులకు పట్టాభిషేకము జరుగుచుండిన నగర మదియే. తండ్రి న్యాయాధికారి, తల్లి గొప్ప వంశపు ఆడపడుచు. వారికి గలిగిన పదునొకండుగురు బిడ్డలలో ఈయన పెద్దవాడు. పదునాఱవ యేటనే ప్రధాన దేవాలయపు గురుమండలిలో స్థానము లభించెను. ఆ స్థానమునకు గౌరవముతో బాటు ఏటేట మంచి రాబడియు గలదు. 1670లో పారిస్ నగరపు గురువిద్యాలయమున జేరగా, మరుసటి యేట తల్లియు, 1672లో తండ్రియు గతించిరి. ఇరువదియొక్క యేండ్లు నిండని యువకుడు ఇల్లు జేరి, తమ్ముల, చెల్లెండ్ర పోషణభారము వహించెను. చదువు మాత్రము విడువక 1678లో గురుపట్టము పొందెను. ఇంతవరకు ఆయన చరిత్రలో బీదబాలుర బడి యను మాటయే లేదు.

1679 మార్చి నెలలో ఆయన ఒక కన్యాస్త్రీల మఠమునకు బోయెను. మరణించిన మిత్రగురువొకరు ఆ మఠపు బాగోగులను ఈయన కప్పగించి యుండిరి. ఆ ద్వారమునొద్దనే ఆడ్రియన్ నియెల్ అను పెద్దవయసువాడు ఎదురుపడెను. రైమ్స్‌లోని బీదబాలురకు ఉచితముగా బడి పెట్టవలెనని, ఒక ధనవంతురాలి ప్రేరణచేత రువాన్ పట్టణమునుండి వచ్చినవా డాతడు. ద లాసాల్ అతనికి తన యింట బస యిచ్చి, ఏ విచారణలో బడి నిరాటంకముగా సాగునో ఆలోచన చెప్పెను. ఏప్రిల్ నెలలో సెయింట్ మారిస్ విచారణలో బడి తెరచిరి. అంతటితో తన పని ముగిసినదనుకొనెను. ఈ పని తన్నెంత దూరము లాగుకొనిపోవునో ముందుగా దెలిసియున్నచో దానిని తాకియే యుండననియు, ఆ యుపాధ్యాయులను మొదట తన సేవకునికంటె తక్కువవారినిగా నెంచితిననియు తరువాత ఆయనయే వ్రాసిపెట్టెను. పునీతులు పుట్టినది మొదలు పునీతులే యని నమ్మువారికి ఈ సంగతి కష్టముగా దోచును. మాకు మాత్రము దీనివలననే ఆయనయెడల నమ్మకము కలిగినది.

ఆ యుపాధ్యాయు లెట్టివారు? బ్రతకలేక బడిపంతులు అను మన సామెత ఆ దేశమునకును సరిపోయెడిది. అంతంతమాత్రము చదివి, వేరు పని దొరకనివారు కొలది జీతమునకు వచ్చి, మరియొక పని దొరకగానే విడిచిపోవుచుండిరి. నియెల్ ఒక బడి కుదుటపడకమునుపే మరియొక యూరిలో బడి పెట్టుటకు బోవు స్వభావము గలవాడు. ఈ పంతుళ్లను సరిదిద్దు బాధ్యత ఎవరిదియు గాక, తుదకు ద లాసాల్ మీద బడెను. మొదట వారికొక యిల్లు అద్దెకు దీసెను. పిమ్మట భోజనమునకు పిలిచెను. 1681 జూన్ 24న తన యింటనే కాపురముంచెను. బంధువులు మండిపడిరి. న్యాయాధికారి యింటి భోజనపు బల్లయొద్ద బడిపంతుళ్లు గూర్చుండుటయా? సరిగా ఏడాదికి ఆయన ఆ యింటిని విడిచి, పంతుళ్లతో గూడ వేరొక అద్దె యింటికి తరలిపోయెను. అచ్చటి ముతక తిండి మొదట ఆయన నోట దిగలేదు, కడుపు త్రిప్పెడిది. ఆకలి తానే తినిపించునంతవరకు ఉపవాసముండి, ఆ తిండి కలవాటుపడెను.

ఆ యింటిలోనే అసలు కథ జరిగినది. రేపటి చింత వలదు, పక్షులను పోషించు దేవుడు మనలను పోషించునని ద లాసాల్ పంతుళ్లకు బోధించెను. వారు విని, మొగమోటము లేక బదులు చెప్పిరి. గురుమండలి రాబడియు, పిత్రార్జితమును గలవానికి ఇట్టి నమ్మకము సులభమే. బడులు మూతపడినను ఆయన కేమియు లోటులేదు, తాము మాత్రము వీధిపాలగుదురు. ముసలితనమున, రోగమున తమ్ము చూచువా రెవరని యడిగిరి. నెల నెల జీతముమీద సంసారము నీడ్చు పంతులెవ్వడైనను ఈ ప్రశ్నలోని న్యాయము నెఱుగును. ద లాసాల్ కూడ నెఱిగెను. కోపింపలేదు, వాదింపలేదు. పారిస్‌లో నొక గురువును ఆలోచన యడిగి, 1683లో గురుమండలి స్థానమును వదలుకొనెను. తమ్మునికిమ్మని పలువురు చెప్పినను వినక దానిని ఒక బీద గురువున కిప్పించెను. ఆ చలికాలమున కరవు వచ్చెను. పిత్రార్జితమునంతయు రొట్టెలుగా మార్చి బీదలకు పంచిపెట్టెను.

ఆ ధనమును బడులకే మూలధనముగా నిడరాదా యని మాకొక సందేహము గలిగినది. చాలకాలము ఆలోచించితిమి. అట్లు చేసియున్నచో పంతుళ్లు ఒక ధనికుని యాశ్రితులుగానే మిగిలియుండెడివారు. కరవు తీరునప్పటికి వారికిని ఆయనకును భేదము లేకపోయెను. పిమ్మట తమకు తాము క్రైస్తవ పాఠశాలల సహోదరులని పేరు పెట్టుకొని, ముతక నల్లని అంగీయు, బరువైన చెప్పులును ధరించిరి. వీధిలో జనులు నవ్విరి, బురద చల్లిరి.

ఇక బోధన మాట. అప్పటి బడులలో పంతులు ఒక్కొక్క పిల్లవానిని దగ్గరకు పిలిచి పాఠము చెప్పుచుండగా తక్కినవారు ఊరక గూర్చుండెడివారు. ద లాసాల్ పిల్లలను శక్తిననుసరించి వర్గములుగా విభజించి, ఒక వర్గమంతటికి ఒకే పాఠము ఏర్పరచెను. అంతకంటె పెద్ద మార్పు భాషలో జరిగెను. ఫ్రాన్సులో చదువనగా ముందు లాటిను కూడబలుకుటయే. ఇంట నెన్నడు వినని మాటలను పిల్లవాడు ఏండ్లతరబడి చదువవలెను. మన వీధిబడులలో అర్థము తెలియక అమరకోశము వల్లించినట్లే. బీదవాని బిడ్డ కొలది యేండ్లకే పనికి బోవలసినవాడు. వానికి లాటిను రాదు, ఫ్రెంచియు చదువరాదు. కావున ముందు మాతృభాష, పిదప లాటిను అని ఆయన నియమించెను. ఒక మేత్రాణులు ఆక్షేపింపగా కారణములన్నియు వ్రాసిపంపి తన పద్ధతిని నిలుపుకొనెను.

ఈ పద్ధతులను సహోదరులతో గూడి పరీక్షించి ఒక గ్రంథముగా వ్రాసిరి. 1706 నాటికి అది చేతివ్రాతగా సహోదరుల నడుమ నుండెను, 1720లో ముద్రితమయ్యెను. బడికి రాని పిల్లలను గూర్చి అందొక ప్రకరణము గలదు. పిల్లవాని చాపల్యమును, తల్లిదండ్రుల అశ్రద్ధను చెప్పి ఊరకొనక, పంతులుమీద ప్రీతి లేకపోవుటచేతను పిల్లలు బడి మానుదురని అందు చేర్చిరి. హాజరుపట్టీ చేతబట్టుకొని పిల్లలనే తిట్టు మాబోటివారు ఏటేట చదువదగిన ప్రకరణ మిది. 1685 ప్రాంతముననే రైమ్స్‌లో పల్లెటూరి పంతుళ్లకొరకు శిక్షణాలయమును స్థాపించెను. మేము చదివిన శిక్షణ కళాశాలకు అది ముత్తాత యనవచ్చును.

1688లో ఆయన పారిస్ చేరెను. అచ్చట కష్టములు మూకుమ్మడిగా వచ్చినవి. గురుపట్టమునకు సిద్ధపరచుచుండిన ముఖ్య సహోదరుడు హఠాత్తుగా మరణింపగా, సహోదరులలో నెవరును గురువులు కాగూడదని, బడియే వారి పూజాపీఠమని నిశ్చయించెను. సంఘము విచ్చిపోవు స్థితిలో నుండగా 1691 నవంబరు 21న ఇద్దరు సహోదరులతో గూడి, బిచ్చమెత్తి రొట్టెముక్కతో బ్రతుకవలసి వచ్చినను ఈ పని విడువమని ప్రమాణము చేసెను. రుసుము దీసికొని దస్తూరి నేర్పు వ్రాతపంతుళ్ల సంఘము, ఉచిత బడులవలన తమ కూడు పోవుచున్నదని వ్యాజ్యము వేసి, 1704లో బడిసామానులను జప్తు చేయించెను. వారి కష్టమును బొత్తిగా కాదనలేము. వారును పంతుళ్లే గదా.

1705లో రువాన్ పట్టణపు పొలిమేరలో సెయింట్ యోన్ అను పెద్ద భవనము దొరకెను. చుట్టును తోటలు, ప్రాకారము. రువాన్ నదీతీరపు రేవుపట్టణము; అచ్చటి వర్తకులకు తమ కుమారులు లాటిను పండితులగుటకంటె లెక్కపద్దులు తెలిసినవారగుట ముఖ్యము. వారి కోరికమీద అచ్చట బాలుర వసతి పాఠశాల వెలసెను. వర్తకపు లెక్కలు, క్షేత్రగణితము, చిత్రలేఖనము మొదలగునవి లాటిను లేకయే నేర్పిరి. తల్లిదండ్రుల చేతికందని మొండి బాలురకు వేరొక విభాగ మేర్పడెను. వసతి రుసుముతోనే అదే ఆవరణలోని క్రొత్త సహోదరుల పోషణయు జరిగెను. చరిత్రకారులు పలువురు దీనిని నేటి ఉన్నత పాఠశాలకు పూర్వరూపమని చెప్పుదురు.

1712లో మరియొక దెబ్బ తగిలెను. పల్లెటూరి పంతుళ్ల శిక్షణాలయమునకై ఒక యువకునితో గలిసి ధనము వెచ్చింపగా, వాని తండ్రి మైనరును మోసగించిరని వ్యాజ్యము వేసెను. తీర్పు ద లాసాల్‌కు ప్రతికూలమయ్యెను. ఆయన దక్షిణ దేశమునకు బోయి, సంఘమునకు తానే యడ్డమేమో యని కుందెను. గ్రెనోబుల్‌లో ఒక సహోదరుడు ప్రయాణమై పోగా వాని తరగతి తానే దీసికొని చిన్నపిల్లలకు అక్షరములు నేర్పెను. వేదశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన పండితు డాయన! ఆ సమీపమున పర్మెనీ అను కొండమీద ఏకాంతముగా నుండి, ఇక తిరిగి పోరాదని తలంచుచుండెను.

1714 ఏప్రిల్ 1న పారిస్ ప్రాంతపు సహోదరులు ఆయనకు జాబు వ్రాసిరి. బ్రతిమాలలేదు, సంఘమునకు ఆయన చేసిన విధేయతా ప్రమాణమును జ్ఞాపకము చేసి, వచ్చి పాలింపుమని ఆజ్ఞాపించిరి. ఒకప్పుడు సేవకునికంటె తక్కువగా నెంచబడిన బడిపంతుళ్ల జాబు అది. ఆయన చదువుకొని, ఆగస్టు 10న పారిస్ చేరి, తన్నేమి చేయుమందురని వారినే యడిగెను.

1717లో సెయింట్ యోన్‌లో సమావేశమైన సహోదరులు బార్తలెమి సహోదరుని పెద్దగా నెన్నుకొనిరి. అది మొదలు ద లాసాల్ భోజనశాలలో కడపటి చోట గూర్చుండి, చిన్న పనికైనను సెలవడిగి చేసెను. కీళ్లనొప్పులును, ఉబ్బసమును ముదిరి, 1719 ఏప్రిల్ 7వ తేదీ పవిత్ర శుక్రవారమున అచ్చటనే కన్నుమూసెను. అప్పటికి సహోదరులు దాదాపు నూరుగురు. 1725లో పోపుగారి ఆమోదపత్రము సంఘమునకు లభించెను. దానికొరకు ఎన్నియో యేండ్లు ఎదురుచూచినవాడు చూడలేదు. 1900 మే 24న తిరుసభ ఆయనను పునీతునిగా ప్రకటించెను. 1950 మే 15న ఉపాధ్యాయులందరికిని పాలక పునీతునిగా నిలిపెను.