తేడా వస్తే వదలని సుబ్బారావు

పూతలపట్టులో బస్సెక్కి తిరుపతికెళ్లి బయోకెమిస్ట్రీయో, బయోటెక్కో చదువుతున్నారా? అయితే ప్రోటీన్లను విడదీసే జెల్ గురించి మీకు తెలిసే ఉంటుంది. కరెంటు పెడితే చిన్న ప్రోటీన్లు జెల్‌లో ముందుకు పరిగెడతాయి, పెద్దవి వెనకబడతాయి. రంగు వేస్తే నీలం గీతలు కనిపిస్తాయి. ఒక గీత అనుకోని చోట వచ్చిందనుకోండి, జెల్ పాడైందని పారేస్తారా? అట్లా పారేయని ఒక తెలుగాయన గురించి చెప్తా, వినండి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. 1922లో బోస్టన్ చేరి, వైద్యం చదివిన మనిషి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేస్తూ చదువుకున్నారు.

అప్పటికి మన జెల్ లేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అది అచ్చయింది. నమూనాలో మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలం రంగొస్తుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ.

కండరాల సారంతో చేస్తే మాత్రం రంగు వెంటనే రాలేదు, మెల్లగా ముదురుతూ పోయింది. పద్ధతిలోనే లోపమని వదిలేయొచ్చు. వాళ్లు వదల్లేదు. ఫాస్ఫేట్‌ను పట్టుకున్న పదార్థమేదో ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ కూడా దొరికింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది, బోదకాలుకు హెట్రజాన్ మందు తెచ్చింది. ఆయన 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

రేపు ఇంటర్వ్యూలో జెల్ రన్ చేయడం వచ్చని అందరూ చెప్తారు. గీత తప్పు చోట వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి. మళ్లీ చేసి చూశారా, రికార్డులో రాశారా, కారణం వెతికారా? మార్కుల మెమోలో లేని మీ పనితనం అక్కడే తెలుస్తుంది.