సాగరాన్వేషి హెకెల్

మంజీర పరీవాహక ప్రాంతంలోని మెదక్ పట్టణానికి సముద్రం ఎంతో దూరం. అక్కడి విద్యార్థికి సాగరజీవులు తొలుత పాఠ్యపుస్తకంలోనే పరిచయమవుతాయి. ఆ జీవుల అధ్యయనంలో లోకప్రసిద్ధి పొందిన ఎర్నెస్ట్ హెకెల్ బాల్యం కూడా సముద్రానికి దూరంగానే గడిచింది.

ఆయన 1834 ఫిబ్రవరి 16న జర్మన్ దేశంలోని పోట్స్‌డామ్ నగరంలో జన్మించి, మెర్సెబుర్గ్ పట్టణంలో పెరిగాడు. తండ్రి కోరిక మేరకు వైద్యవిద్య అభ్యసించాడు. 1854లో గురువైన యోహానెస్ మ్యూలర్ వెంట హెలిగోలాండ్ ద్వీపానికి వెళ్ళి, సన్నని వలతో సముద్రజలాన్ని వడకట్టడం నేర్చుకున్నాడు. ఆ వలలో చిక్కిన జంతుప్లవకాల సౌందర్యం ఆయన జీవనమార్గాన్నే మార్చివేసింది.

1862లో యెనా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి పొంది, అదే సంవత్సరం అన్నా సేథెను వివాహమాడాడు. 1864లో, సరిగా ఆయన ముప్పయ్యవ జన్మదినాన, ఆమె మరణించింది. శోకభారంతో మధ్యధరా తీరానికి వెళ్ళిన హెకెల్‌కు నీటిమడుగులో ఒక జెల్లీచేప కనిపించింది. దాని స్పర్శకాలలో భార్య కురులను చూచుకొని, ఆ జాతికి ఆమె పేరే పెట్టాడు. నాటి నుండి పరిశోధనయే ఆయనకు ఊరట అయింది.

చూపులకు సుకుమారమైన జెల్లీచేపలు నిజానికి వేటజీవులు. స్పర్శకాలపై ఉండే దంశకణాలతో చిన్న రొయ్యజాతి జీవులను, చేపపిల్లలను చేష్టలుడిగేటట్లు చేసి భక్షిస్తాయి. వీటిని వర్గీకరిస్తూ హెకెల్ 1879లో ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. 1881లో బొంబాయి మీదుగా సింహళం చేరి, హిందూ మహాసముద్ర జీవులను సేకరించాడు.

1889లో విక్టర్ హెన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు అట్లాంటిక్ సముద్రయాత్ర జరిపాడు. ప్లవకాలు విశాల సముద్రంలో దాదాపు సమానంగా వ్యాపించి ఉంటాయనీ, కొన్ని చోట్ల లెక్కించి మొత్తాన్ని అంచనా వేయవచ్చుననీ ఆయన భావించాడు. హెకెల్ 1890లో ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు. ప్రవాహాలను, లోతును, ఋతువులను బట్టి ప్లవకాల వ్యాప్తి మారుతుందనీ, లెక్కింపు వ్యర్థమనీ వాదించాడు.

వ్యాప్తి విషయంలో హెకెల్ మాటే నిజమైంది. ఎర సమృద్ధిగా ఉన్నచోట వేటజీవులూ గుమికూడతాయి. అయితే ఆ హెచ్చుతగ్గులను తెలుసుకోవడానికి హెన్సెన్ లెక్కింపే ఆధారమైంది. 1950వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు విశాఖ తీరాన ప్లవకాల పరిమాణాన్ని ఈ మార్గంలోనే పరిశీలించారు.

హెకెల్ గీసిన పిండచిత్రాలలోని దోషాలు, మానవజాతులలో ఎక్కువ తక్కువలను సమర్థించిన ఆయన భావాలు విమర్శకు గురైనాయి. 1919 ఆగస్టు 9న ఆయన యెనాలో కన్నుమూశాడు. తన కన్నులను నమ్మి ఆయన ఎన్నో సాగరజీవులను లోకానికి చూపాడు. ఆ కన్నులనే మితిమీరి నమ్మినందున, లెక్కింపు విలువను మాత్రం గుర్తించలేకపోయాడు.