కొత్వాలు వెంకటరామారెడ్డిగారు

వనపర్తి సంస్థానములోని రాయణిపేట గ్రామమున 1869 వ సంవత్సరమున వెంకటరామారెడ్డిగారు జన్మించిరి. పిన్నవయస్సుననే నిజాము ప్రభుత్వపు పోలీసు శాఖయందు అమీనుగా ప్రవేశించి, క్రమక్రమముగా పైకి వచ్చి, 1920 లో హైదరాబాదు నగరమునకు కొత్వాలైరి. 1934 వరకు ఆ యధికారమునందుండిరి. రాజా బహద్దరు బిరుదమును పొందిరి. పాలమూరు పల్లెబిడ్డ కిది సామాన్యమైన యున్నతి కాదు. అయినను ఆయన కీర్తి నిలిచినది కొత్వాలు కచ్చేరివలన గాదు, విద్యార్థుల వంటశాలవలన.

ఆ కాలమున పాలమూరు, నల్లగొండ జిల్లాల గ్రామములలో వీధిబడి దాటిన చదువు అరుదు. పెద్ద చదువు కావలెనన్న హైదరాబాదు చేరవలసినదే. నల్లగొండ పట్టణమునకు నాడు రైలైనను లేదు. బండ్ల మీద సద్దిమూట కట్టుకొని బయలుదేరిన బాలునకు నగరమున బడి దొరకినను బస దొరకదు. బస దొరకినను వేళకు అన్నము దొరకదు. పైగా చదువంతయు ఉర్దూలో. ఇట్లు సగములో పుస్తకము మూసి పొలమునకు మరలినవా రెందరో! కలిగిన యింటి బిడ్డలకే గతి యిట్లుండగా లేనివారి మాట చెప్పవలెనా?

ఈ కొరతను గుర్తించి వెంకటరామారెడ్డిగారు పెద్దలను కూడగట్టి 1918 లో నగరమున రెడ్డి విద్యార్థి వసతిగృహమును నెలకొల్పిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనదియు ఆ యేడే. ఒక కులము పేర వెలసిన సంస్థ యని దానిని విమర్శించువారు కలరు. ఆ మాట తోసివేయదగినది కాదు. కాని పల్లెనుండి వచ్చిన పిల్లవానికి తన భాషలో పలుకరించు ఇల్లొకటి నగరమున నేర్పడినదనుటయు నిజము.

ఆ గృహమునకు కార్యదర్శిగా లభించినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయనయు పాలమూరు సీమవారే. విద్యార్థులకు అన్నముతోపాటు గ్రంథములును కావలెనని యెంచి అచ్చటి గ్రంథాలయమును శ్రద్ధతో పెంచిరి. 1926 లో గోలకొండ పత్రికను స్థాపించిరి. వెంకటరామారెడ్డిగారి జీవితచరిత్రమును రచించినదియు వారే. కార్యదర్శి దొరకుట ధనము దొరకుటకంటె కష్టము. ఆ విషయమున కొత్వాలుగారు అదృష్టవంతులు.

ఇచ్చట చదువుకొన్నవారిలో నల్లగొండ జిల్లా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డిగారు సుప్రసిద్ధులు. 1908 లో భూస్వామి కుటుంబమున జన్మించిన ఆయన, 1930 లో చదువు విడిచి కాకినాడకు పోయి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొనిరి. 1941 లో చిలుకూరున జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షులై, పిమ్మట తెలంగాణ రైతాంగ పోరాటమునకు నాయకులైరి. తన సొంత భూమి అయిదువందల ఎకరములను పేదలకు పంచిరి. నిజాము నగరమును కాపాడిన కొత్వాలు కట్టిన కప్పు క్రింద నిజాము రాజ్యమునే ఎదిరించిన వీరుడు పెరిగెను! చదువు ఎవని నెటు నడుపునో పోషకుడు ముందుగా నిర్ణయింపజాలడు. కొత్వాలుగారు నిర్ణయింపవలెనని కోరినట్లును కనబడదు.

1952 ఎన్నికలలో వనపర్తినుండి సురవరమువారు హైదరాబాదు శాసనసభకును, నల్లగొండనుండి నారాయణరెడ్డిగారు లోకసభకును ఎన్నికైరి. దేశమున నెహ్రూగారికంటెను ఎక్కువ ఓట్లు నారాయణరెడ్డిగారికే వచ్చెను. వృద్ధులైన వెంకటరామారెడ్డిగారు ఆ ముచ్చట తీరినపిదప, 1953 జనవరిలో కీర్తిశేషులైరి. ఆ సంవత్సరమే ఆగస్టులో సురవరమువారును పరమపదించిరి.