బడి విడిచిన బాలిక: దుర్గాబాయమ్మగారు

చదువుకొనే పిల్లలకు రాజకీయాలెందుకని పెద్దలు మందలించడం, దేశం పిలిచినపుడు చదువెందుకని పిల్లలు ఎదురాడడం మన యిండ్లలో తరతరాలుగా వస్తూన్న వాదమే. ఈ ఉగాదినాడు ఆ ఉభయులకూ ఒక జీవితాన్ని జ్ఞాపకం చేయదలచినాము.

దుర్గాబాయమ్మగారు 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు, కాకినాడలో పెరిగారు. ఎనిమిదవ యేటనే పెండ్లి చేశారు. పెద్దయిన తరువాత ఆమె ఆ బంధాన్ని వదులుకొన్నారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని నెత్తిన రుద్దడం సహించక పన్నెండేండ్ల ప్రాయంలోనే బడి మానివేశారు. మాని ఊరకుండక, తాము నేర్చిన హిందీని తోటి బాలికలకు చెప్పడానికి పాఠశాల పెట్టారు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చినపుడు, దేవదాసీలనూ ఘోషా స్త్రీలనూ ఆయన ఎదుట కూర్చోబెట్టాలని ఈ బాలిక పట్టుపట్టింది. అయిదువేల రూపాయల నిధి యిస్తేనే వీలవుతుందని నిర్వాహకులన్నారు. ఆ దేవదాసీలే ఆ సొమ్ము కూర్చారు. ఆనాడు స్త్రీలు ఒంటిమీది నగలు సైతం ఒలిచి యిచ్చారు. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో వినిపించినది కూడ ఈ బాలికయే.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు జరిగింది. ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద ఆమె వాలంటీరు. రెండణాల టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే నిలిపివేసింది! నిర్వాహకులు కోపించారు, నెహ్రూగారు మాత్రం టిక్కెట్టు తెప్పించుకొని, ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొన్నారు.

ఉప్పు సత్యాగ్రహంలో చెన్నపట్నంలో అరెస్టయి, వేలూరు, మధుర జైళ్లు చూశారు. మధురలో ఏకాంతవాసం వల్ల ఆరోగ్యం చెడింది. అయినను జైలు విడిచినపిమ్మట ఆమె పట్టినది పుస్తకం. ఇంటవద్ద చదివి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదువబోగా స్త్రీలకు వసతి లేదన్నారు; చదువగోరే బాలికలను కూడగట్టి వసతిగృహం నడిపించారు. 1942లో మదరాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు.

తమవలె చదువు తెగిపోయిన స్త్రీలకోసం 1937లో మన చెన్నపట్నంలోనే ఆంధ్ర మహిళాసభను స్థాపించారు. తరువాత రాజ్యాంగసభ సభ్యులై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షులై, 1958లో స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి నాయకత్వం వహించారు. 1981 మే 9న దివంగతులయ్యారు.

ఆవేశపడిన బిడ్డను గద్దించేముందు పెద్దలు కాకినాడ బాలికను తలచుకొందురు గాక. బడి విడువదలచిన పిల్లలు, ఆమె జైలునుండి వచ్చి మరల అక్షరాన్నే ఆశ్రయించిన సంగతి మరువవద్దని మా మనవి.