గాస్టన్ ప్లాంటే

గాస్టన్ ప్లాంటే (ఏప్రిల్ 22, 1834 - మే 21, 1889) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. మరల మరల ఛార్జి చేసి వాడుకోదగిన మొట్టమొదటి విద్యుత్ ఘటాన్ని, అనగా సీసపు బ్యాటరీని, 1859లో రూపొందించాడు. మోటారు కార్లను స్టార్టు చేయడానికి, ఇళ్ళలోని ఇన్వర్టర్లకు, విహారయాత్రలకు వాడే మోటార్ హోమ్‌లు, క్యారవాన్లలో దీపాలు, నీటిపంపు నడపడానికి వాడే సీసపు బ్యాటరీలన్నీ ఆయన ఘటం నుండి వచ్చినవే. వాటి సంరక్షణకు నేడు పాటించే నియమాలకు మూలం కూడా ఆయన ప్రయోగాలలో బయటపడిన రసాయన చర్యలే.

బాల్యము, కుటుంబము

ప్లాంటే పూర్తి పేరు రేమండ్ లూయీ గాస్టన్ ప్లాంటే. ఫ్రాన్సుకు నైరుతి దిక్కున, పిరనీస్ పర్వతాలకు సమీపంలో ఉన్న ఓర్తెజ్ పట్టణంలో జన్మించాడు. ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ ప్లాంటే (1839-1934) పియానో వాద్యంలో పేరెన్నికగన్న విద్వాంసుడు. తొంబై ఐదేళ్ళు జీవించిన ఈ తమ్ముని వాద్యం వృద్ధాప్యంలో, 1928లో, రికార్డులకెక్కింది. కనుక అన్నగారి కీర్తి విజ్ఞానశాస్త్రంలోను, తమ్ముని కీర్తి సంగీతంలోను నిలిచిపోయాయి.

గాస్టన్ 1854లో పారిస్ నగరంలోని కన్సర్వతువార్ దెజార్ ఎ మెతియే అనే సాంకేతిక విద్యాసంస్థలో భౌతికశాస్త్ర సహాయకునిగా చేరాడు. అక్కడ ఎడ్మండ్ బెకెరల్ అనే ప్రఖ్యాత శాస్త్రవేత్త వద్ద పనిచేశాడు. 1860లో సామాన్య ప్రజలలో విద్యావ్యాప్తికి కృషిచేసే అసోసియాసియోన్ పొలిటెక్నిక్ అనే సంస్థలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

గాస్టోర్నిస్

విద్యుత్ పరిశోధనలకు ముందే ప్లాంటే పేరు మరొక శాస్త్రంలోకి ఎక్కింది. 1855లో పారిస్ సమీపాన మ్యూడన్ వద్ద ఒక ప్రాచీన పక్షి శిలాజం ఆయనకు దొరికింది. దాదాపు నిలువెత్తు మనిషంత ఎత్తుండి, ఎగరలేని ఈ పక్షి సుమారు ఐదున్నర కోట్ల సంవత్సరాల క్రితం జీవించింది. భూగర్భ శాస్త్రవేత్త ఎడ్మండ్ ఎబేర్ దీనికి గాస్టోర్నిస్ అని పేరు పెట్టాడు. గాస్టన్ పక్షి అని దాని అర్థం. అప్పటికి ప్లాంటే వయస్సు సుమారు ఇరవై సంవత్సరాలే.

సీసపు ఘటం ఆవిష్కరణ

1800లో అలెస్సాండ్రో వోల్టా ఘటమాలను కనుగొన్న తరువాత విద్యుచ్ఛక్తి మానవునికి చేతికందే వస్తువయింది. అయితే ఆనాటి ఘటాలలో జింకు వంటి లోహం కరిగిపోతూ విద్యుత్తునిచ్చేది. లోహం అయిపోతే ఘటం పని కూడా ముగిసేది. జర్మనీకి చెందిన రిట్టర్ 1803 ప్రాంతంలోనే తిరిగి నింపదగిన ఘటమాలను తయారుచేశాడు గాని, దానిలో నిలిచే విద్యుత్తు బహు స్వల్పం. 1854లో సిన్‌స్టెడెన్ అనే జర్మన్ వైద్యుడు గంధకికామ్లంలో ముంచిన సీసపు పలకలకు ఈ గుణం ఉన్నదని గమనించాడు.

నీటిలోనికి విద్యుత్తును పంపి ఆపివేసినప్పుడు, పలకల నుండి వ్యతిరేక దిశలో కొద్దిసేపు విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈ ద్వితీయ ప్రవాహాన్ని ఇతరులు ప్రయోగానికి అడ్డుగా భావించగా, ప్లాంటే దానినే పరిశోధనాంశంగా స్వీకరించాడు. పలు లోహాలను వరుసగా పరీక్షించి, పలుచని గంధకికామ్లంలో సీసం ఇచ్చే ద్వితీయ ప్రవాహమే అన్నిటికన్న బలమైనదని, ఎక్కువసేపు నిలుస్తుందని తేల్చాడు. రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ ఉంచి, చాపచుట్టలా చుట్టి, ఆమ్లం పోసిన గాజు పాత్రలో నిలబెట్టాడు. ఆ విధంగా 1859లో తొలి సీసపు ఘటం తయారయింది. 1860లో ఇటువంటి తొమ్మిది ఘటాల మాలను ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీకి సమర్పించాడు.

ఈ ఘటం పనితీరు ఇట్లా ఉంటుంది. ఛార్జి చేసినప్పుడు ధన పలక మీద గోధుమ రంగు సీసపు డయాక్సైడు, ఋణ పలక మీద మెత్తని స్పంజి వంటి సీసం ఏర్పడతాయి. ఘటం నుండి విద్యుత్తును వాడుకున్నప్పుడు రెండు పలకలూ సీసపు సల్ఫేటుగా మారతాయి, ఆమ్లం ఖర్చయి నీరు పుడుతుంది. మరల ఛార్జి చేస్తే ఈ చర్య వెనుకకు నడుస్తుంది. రెండు పలకలపైనా సల్ఫేటే ఏర్పడుతుందన్న ఈ వివరణను 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులనిస్తుంది.

పలకలను పండించుట

క్రొత్త సీసపు రేకులలో నిలిచే విద్యుత్తు చాలా తక్కువ. చర్య రేకు పైపొరలో మాత్రమే జరుగుతుంది. ఘటాన్ని నింపి, ఖాళీచేసి, కొంతకాలం విశ్రాంతినిచ్చి, ధ్రువాలను తారుమారు చేసి మరల నింపుతూ పోతే చర్య సీసం లోతుకు చేరుతుందని, ఘటం సామర్థ్యం క్రమంగా పెరుగుతుందని ప్లాంటే కనుగొన్నాడు. ఈ పనికి వారాలు, నెలలు పట్టేవి. తొందరపడితే ఫలితముండదు.

ఈ పద్ధతిలోనే బ్యాటరీకి తప్పని ముగింపు కూడా ఇమిడి ఉన్నది. లోతుకు చేరిన చర్య అక్కడితో ఆగదు. ఘటానికి బలాన్నిచ్చిన మార్పే ధన పలకలోని సీసాన్ని నెమ్మదిగా తినివేస్తుంది. ఎంత జాగ్రత్త తీసుకున్నా ప్రతి సీసపు బ్యాటరీకి ఒక ఆయుర్దాయముంటుంది. సంరక్షణ వలన ఆ ఆయువు పూర్తిగా దక్కుతుంది, నిర్లక్ష్యం వలన సగంలోనే ముగుస్తుంది.

ఎదురుచూచిన సంవత్సరాలు

ప్లాంటే ఘటానికి మరొక కష్టముండేది. దానిని నింపడానికి తగిన యంత్రం ఆనాడు లేదు. పాతరకపు బున్సెన్ ఘటాలతోనే దానిని ఛార్జి చేయవలసి వచ్చేది. అనగా జింకును ఖర్చుచేసి పుట్టించిన విద్యుత్తును సీసంలో దాచుకొనుట. వ్యాపార దృష్టితో చూస్తే ఇది గిట్టుబాటు కాని పని. అందువలన దాదాపు ఇరవై సంవత్సరాలు ఈ ఆవిష్కరణ ప్రధానంగా ప్రయోగశాలలకే పరిమితమయింది. ప్లాంటే మాత్రం పనిని విడిచిపెట్టలేదు. వేడెక్కిన ప్లాటినం తీగతో కొవ్వొత్తిని వెలిగించే చిన్న పెట్టెను తయారుచేసి, సీసానికి ప్రాచీన రసవాదులు శనిగ్రహాన్ని అధిపతిగా చెప్పినందున దానికి శని పేరు పెట్టాడు. ఘటాలను సమాంతరంగా కలిపి రెండు మూడు బున్సెన్ ఘటాలతో నింపి, ఆపై వందలాది ఘటాలను శ్రేణిలో కలిపి గొప్ప వోల్టేజీని సాధించాడు. 1877లో అభ్రకపు కెపాసిటర్లతో రియోస్టాటిక్ యంత్రాన్ని నిర్మించాడు. వీటితో పుట్టిన వెలుగు గోళాలను పరిశీలించి, బంతి పిడుగు వంటి ప్రకృతి వింతలతో పోల్చాడు.

1871లో జెనోబ్ గ్రామ్ తన డైనమోను అకాడమీ ముందు ప్రదర్శించిన తరువాత పరిస్థితి మారనారంభించింది. యంత్రంతో చవకగా విద్యుత్తు పుట్టసాగడంతో దానిని నిలువచేసే సాధనానికి గిరాకీ ఏర్పడింది. 1881లో కమిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూసే పద్ధతిని తెచ్చి, నెలల తరబడి పట్టే పనిని బాగా తగ్గించాడు. పిమ్మట ఈ ముద్దను సీసపు జల్లెడ వంటి చట్రంలో నింపే పద్ధతి వచ్చింది. 1899లో కమిల్ జెనాట్జీ సీసపు బ్యాటరీలతో నడిచే కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటాడు. 1912లో క్యాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చడంతో సీసపు బ్యాటరీ మోటారు వాహనంలో విడదీయరాని భాగమయింది.

వాహన బ్యాటరీల సంరక్షణ

మోటార్ హోమ్‌లో సాధారణంగా రెండు రకాల బ్యాటరీలుంటాయి. ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీలో పలుచని పలకలుంటాయి, కొద్ది క్షణాలు ఎక్కువ కరెంటునిస్తాయి. నివాస భాగానికి వాడే డీప్ సైకిల్ బ్యాటరీలో మందపు పలకలుంటాయి, గంటల తరబడి కొద్దికొద్దిగా ఇస్తాయి. ఒకదాని పనికి మరొకదానిని వాడితే త్వరగా చెడిపోతుంది.

* ఖాళీగా ఉంచరాదు. ఖాళీ అయిన పలకలపై సల్ఫేటు మొదట మెత్తగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారి మరల కరగదు. దీనినే సల్ఫేషన్ అంటారు.
* సగానికి మించి వాడకుండుట మంచిది. విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.6 నుండి 12.7 వోల్టులు, సగం ఉంటే సుమారు 12.2 వోల్టులు చూపుతుంది. మూత తీయగల బ్యాటరీలలో హైడ్రోమీటరుతో ఆమ్లసాంద్రత చూచుట మరింత నమ్మదగిన పద్ధతి.
* నీటిమట్టం తగ్గితే స్వేదనజలాన్ని మాత్రమే పోయాలి. ఆమ్లం పోయరాదు, ఆవిరైపోయేది నీరే గనుక. పలకలు మునిగి ఉంటే పూర్తిగా ఛార్జి చేసిన తరువాతే పోయాలి, లేనిచో పొంగి బయటకు కారుతుంది.
* ఛార్జి ముగింపులో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడే చోటు ఉండాలి, నిప్పు దరికి రానీయరాదు.
* వాహనాన్ని నెలల తరబడి నిలిపి ఉంచేటప్పుడు నిండుగా ఛార్జి చేసి తీగలు విడదీయాలి. గ్యాస్ అలారం, గడియారం వంటివి తెలియకుండానే బ్యాటరీని ఖాళీచేస్తాయి. శీతల దేశాలలో ఖాళీ బ్యాటరీలోని ద్రవం సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. నిండు బ్యాటరీ తీవ్రమైన చలికి కూడా తట్టుకుంటుంది. ఉష్ణదేశాలలో వేడి వలన ఆయువు తగ్గుతుంది.

చివరి సంవత్సరాలు, కీర్తి

ప్లాంటే తన పరిశోధనలను 1879లో గ్రంథంగా ప్రకటించాడు. ఇది 1887లో ఆంగ్లంలోకి అనువదింపబడింది. 1889 మే 21న, తన యాభై ఐదవ ఏట, పారిస్ సమీపంలోని బెల్‌వ్యూలో మరణించాడు. యవ్వనంలో పక్షి శిలాజం దొరికిన మ్యూడన్ ప్రాంతంలోనిదే ఈ ఊరు. అప్పటికి సీసపు బ్యాటరీలు ప్రయోగశాల దాటి పరిశ్రమగా ఎదగడాన్ని ఆయన కళ్ళారా చూడగలిగాడు. ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీలో ఆయన పేరిట ఒక బహుమతి ఏర్పడింది.

ఆంధ్ర ప్రదేశ్‌లో తిరుపతి సమీపాన 1985లో స్థాపించబడిన అమర రాజా సంస్థ వలన సీసపు బ్యాటరీ తెలుగునాట పెద్ద పరిశ్రమయింది. లిథియం బ్యాటరీలు విహార వాహనాలలో ప్రవేశించి సీసం స్థానాన్ని కొంత ఆక్రమించాయి. అయినా తక్కువ ధర, పాత బ్యాటరీలోని సీసాన్ని కరిగించి మరల వాడుకొనే వీలు దీనిని నిలబెట్టాయి. సీసం విషపదార్థం గనుక పాత బ్యాటరీలను పారవేయక, అధీకృత కేంద్రాలకు అప్పగించుట కూడా సంరక్షణలో భాగమే.