26 తుపాకులకు ఒక సంతకం

శ్రీ అల్లూరి సీతారామరాజు గారు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో జన్మించారు. రోడ్డు పనుల్లో వెట్టిచాకిరి, అటవీ చట్టాలతో నలిగిపోతున్న గిరిజనుల పక్షాన నిలిచారు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి 26 తుపాకులు, తూటాలు పట్టుకున్నారు. తీసుకున్నవాటి వివరం స్టేషను రికార్డులో రాసి సంతకం చేశారని ప్రసిద్ధి. జీవితమంతా రిజిస్టర్లు రాసిన మనకు ఆ సంతకం విలువ తెలుసు. దొంగతనానికి వచ్చినవాడు పేరు రాసి పోడు.

అక్టోబరులో అడ్డతీగల చేరేసరికి పోలీసులు ఆయుధాలను ముందే తప్పించారు. తుపాకి ఉన్నా తూటా లేనిదే కర్రతో సమానం. ఎదుట మలబారు పోలీసులు, తరువాత అస్సాం రైఫిల్స్ దిగారు.

1924 మే 7న మంప వద్ద పట్టుబడిన ఆయనను కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చిచంపారు. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు. ప్రతి తుపాకికీ లెక్క రాసి ఇచ్చిన మనిషికి కోర్టులో జవాబు చెప్పుకొనే అవకాశమే దక్కలేదు. మనవలకు ఈ సంగతి తప్పక చెప్పండి.