దివిటీల వెలుగులో గోలకొండ సుల్తాను

మన ఉయ్యూరు నుండి బందరు దారిన పామర్రు చేరి, అక్కడ చల్లపల్లి వైపు మళ్లితే కూచిపూడి వస్తుంది. ఆ గ్రామానికి అగ్రహారమనే గౌరవం కలిగించినవాడు గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా. రామదాసు కథ విన్నవారు ఆయనను తానీషాగా ఎరుగుదురు. ఉర్దూ మిత్రులకు ఆ పేరు వినగానే నిరంకుశత్వమని అర్థమిచ్చే తానాషాహీ అనే మాట మనసులో మెదలుతుంది. ఆయన చరిత్ర చదివిన మాకు ఆ పోలిక అన్యాయమనిపించింది.

అబుల్ హసన్ రాజవంశపు దూరపు బంధువే గాని, సింహాసనం కొరకు పెరిగినవాడు కాడు. హైదరాబాదులో షా రాజు అనే సూఫీ గురువును ఆశ్రయించి ఫకీరువలె బ్రతికినాడు. అబ్దుల్లా కుతుబ్ షాకు మగసంతానం లేదు. ఆయన మూడవ కుమార్తెకు నిశ్చయమైన సంబంధం తప్పిపోగా, ఖాన్కాలో ఉన్న ఈ యువకుని పిలిపించి హఠాత్తుగా పెండ్లికుమారుని చేసినారు. 1672లో మామగారు మరణించగా సుల్తాను అయినాడు. మాదన్నను ప్రధానిగా నియమించుకొన్నాడు. మాదన్న అన్న అక్కన్న కూడ కొలువులో ఉన్నతాధికారి అయినాడు.

రాజ్యానికి ముఖ్యమైన రేవు మచిలీపట్నం. 1678 ప్రాంతంలో అటు పర్యటిస్తూ సుల్తాను కూచిపూడి చెంత విడిది చేసినాడని, భాగవతులు ఆయన యెదుట ఆడినారని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. నేటి విద్యుద్దీపాలతో ఆ రాత్రిని ఊహించరాదు. ఆరుబయట నేల, ఇరువైపుల దివిటీలు, గుగ్గిలపు పొడి చల్లినప్పుడు భగ్గున లేచే మంట. ఇద్దరు పట్టుకొన్న తెర మీదుగా ముందు సత్యభామ జడ మాత్రమే కనబడుతుంది. తెర తొలగేసరికి ఎదుట నిలిచినది భామయే. ఆ వేషం కట్టినవాడు పురుషుడన్న సంగతి చూచేవారు ఎంతసేపు గుర్తుంచుకొనగలరు? మేమైతే ప్రతిసారీ మరచిపోయినాము.

సిద్ధేంద్రయోగి రచించిన భామాకలాపంలో భామ విరహాన్ని పరమాత్మ కొరకు జీవుడు పడే తపనగా పెద్దలు వివరిస్తారు. ఖాన్కాలో సమా గానం నడుమ గురుసేవ చేసినవానికి ఆ తపన కొత్త కాదు. తాఖీదు లేకుండ, దుబాసీ లేకుండ ఆ ఆట ఆయన హృదయానికి చేరి ఉంటుందని మా ఊహ. పరవశించిన సుల్తాను ఆ గ్రామాన్నే భాగవతుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చినాడు, ఆ కళను విడువరాదన్న నియమంతో. 1763లో ఆ భూముల పంపకానికి వ్రాసిన దస్తావేజు ఆ కుటుంబాలకు ఆధారమైనది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి వంటి ఇంటిపేర్లను నాట్యాభిమానులెవరికి పరిచయం చేయాలి!

అయితే మాదన్నకు మేనల్లుడైన కంచర్ల గోపన్నను, భద్రాద్రి ఆలయానికి సర్కారు సొమ్ము వెచ్చించినందుకు, చెరలో ఉంచినది కూడ ఈయన ప్రభుత్వమే. ఆ సంగతిని కప్పిపుచ్చవలసిన అవసరం లేదు.

హిందూ మంత్రులకు అధికారమిచ్చినాడన్నది ఔరంగజేబు మోపిన నేరాలలో ఒకటి. అక్కన్న మాదన్నలు గోలకొండ ముట్టడికి ముందే హత్యకు గురైనారు. 1687లో సుమారు ఎనిమిది నెలల పాటు కోట నిలిచింది. చివరకు ద్వారం తెరిచినది ఫిరంగి కాదు, లోపలి ద్రోహం. మొగలు సర్దారులు తనను పట్టుకొనుటకు వచ్చినప్పుడు సుల్తాను కంగారు పడలేదు. వారిని ఆదరించి కూర్చుండబెట్టి, వేళ కాగానే తాపీగా భోజనం చేసి వారి వెంట బయలుదేరినాడని చరిత్రకారుడు ఖాఫీఖాను వ్రాసినాడు.

మిగిలిన జీవితం దౌలతాబాదు కోటలో బందీగా గడచింది. సమాధి అక్కడికి దగ్గరలోని ఖుల్దాబాదులో ఉంది. గోలకొండ చెంత, పూర్వీకుల గుమ్మటాల నడుమ, ఆయనకు చోటు దక్కలేదు.